వీధి తలుపు, పెరటి తలుపు: రంగుల పని డైరీ

సంక్రాంతి వెళ్ళిన తరువాత: పరిశీలన

మన వైపు ఇళ్ళకు రంగులంటే పండుగకు ముందే వేయించుకోవడం ఆనవాయితీ. గోడల సున్నానికి ఆ రోజులు సరిపోతాయి గాని, బయటి తలుపులకు వేసే నూనె రంగుకు ధనుర్మాసం అంత అనుకూలమైన కాలం కాదు. కార్తీకం దాకా కురిసిన వానల తేమ చెక్కలోంచి పూర్తిగా పోయి ఉండదు. పైగా సాయంత్రం వేసిన పూత ఆరకముందే మంచు దిగితే, ఎంత ఖరీదైన ఎనామిల్ అయినా తెల్లారేసరికి నిగారింపు కోల్పోయి పాలిపోతుంది. అందుకే కాకినాడలోని మా ఇంటి రెండు తలుపుల పనిని మాఘమాసానికి పెట్టుకున్నాను. మాఘం నుంచి చైత్రం వరకు చెక్క బాగా ఆరి ముడుచుకుని ఉంటుంది. ముడుచుకున్న చెక్కకే రంగు వేయాలన్నది ఈ పని మొత్తానికి నేను పెట్టుకున్న మొదటి నియమం.

తలుపులు రెండూ రెండు రకాలు. వీధి వైపు సింహద్వారం టేకుది, రెండు రెక్కలది, చట్టాల మధ్య గాడుల్లో పలకలు కూర్చినది. తూర్పు ముఖంగా వసారా నీడలో ఉంటుంది. పెరటి తలుపు వేపది, నిలువు చెక్కలను వెనుక అడ్డబద్దలతో బిగించిన ఒంటి రెక్క. పడమటి ఎండా, నైరుతి వానా నేరుగా దాని మీదనే పడతాయి. వీధి తలుపుకు మాత్రం ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వాయుగుండాలు పట్టినప్పుడు తూర్పు నుంచి కొట్టే జల్లు తప్పదు. ఉప్పుగాలి రెండింటికీ సమానమే.

మోకాళ్ళ మీద కూర్చుని పెరటి తలుపు కింది భాగాన్ని చూస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది. రంగు పైనుంచి కిందికి ఒకే తీరుగా పాడవలేదు. నడుము ఎత్తు వరకు గట్టిగానే ఉంది. అక్కడినుంచి దిగుతున్నకొద్దీ పొంగులు, ఆ కింద పెచ్చులు, నేలకు జానెడు ఎత్తులో వట్టి చెక్క. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే అడుగున చెక్క మెత్తగా దిగింది. తలుపు కింద చిన్న అద్దం పెట్టి చూశాను. అడుగు అంచు మీద రంగు జాడే లేదు, రంగు కింద మొదటగా వేసే ప్రైమర్ పూత కూడా లేదు. ఇన్నేళ్ళుగా తలుపు రెండు ముఖాలకూ రంగు మీద రంగు పడుతూనే ఉంది గాని, అడుగు అంచుకు ఎవరూ బ్రష్ తాకించలేదు.

చెక్క నీటిని ముఖం మీదనుంచి తాగేదానికంటే కోసిన కొసల నుంచి ఎన్నో రెట్లు ఎక్కువగా తాగుతుంది. చెట్టు బతికి ఉన్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీటిని మోసిన సన్నని గొట్టాలే నిలువు చెక్కల కొసల్లో తెరుచుకుని ఉంటాయి. గచ్చు కడిగిన నీళ్ళు, గడప మీద చింది ఎగిసే వాన చుక్కలు ఆ గొట్టాల్లోకి ఎక్కి, బయటికి పోవడానికి దారి లేక రంగును లోపలినుంచి తోస్తాయి. రంగు ఊడిపోవడానికి రంగు నాణ్యతే కారణమని మనం అనుకుంటాం. నేను చూసినంతవరకు బయటి తలుపుల విషయంలో అసలు కారణం ఎక్కువగా ఈ అడుగు అంచే. అందువల్ల తలుపులను నిలబెట్టి కాక, దింపి రంగు వేయాలని నిశ్చయించుకున్నాను.

ఫిబ్రవరి మొదటి వారం: తలుపులు దింపడం

పెద్ద తలుపు దింపడానికి ఇంట్లో ఒప్పించవలసింది అమ్మను. “శుక్రవారం నాడూ, అమావాస్య నాడూ సింహద్వారం దింపవద్దు నాన్నా. ఆదివారం పొద్దున్నే దీపం పెట్టుకుని మొదలుపెట్టండి” అంది. అలాగే చేశాం. ముందు పెరటి తలుపు పూర్తి చేసి బిగించిన తరువాతే వీధి తలుపు ముట్టుకోవాలని, వీధి తలుపులోనైనా ఒక రెక్క తరువాత ఒక రెక్క దింపాలని అనుకున్నాం. రాత్రి పూట ఖాళీ గుమ్మానికి మందపాటి ప్లైవుడ్ బిగించి గడియ పెట్టుకునే ఏర్పాటు వడ్రంగి చేశాడు.

మడతబందుల మరలు తుప్పు పట్టి కదలలేదు. తలల గాట్లలో నిండిన పాత రంగును సన్నని మేకుతో తవ్వి, రెండు చుక్కల కిరోసిన్ వేసి ఒక పూట వదిలేస్తే చాలావరకు వచ్చాయి. రాని వాటిని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి తిప్పాలి. బలవంతంగా తిప్పితే గాడి చెరిగిపోయి, తరువాత తల కోయవలసి వస్తుంది. ఇనుప మరల చుట్టూ చెక్క నల్లబడి ఉంది. తడి తగిలిన ఇనుము, చెక్కలోని వగరు పదార్థంతో కలిసి ఈ నలుపు ఇస్తుంది. పైన ఎంత రంగు వేసినా కొన్నాళ్ళకు తుప్పు మరక బయటికి వస్తుంది గనుక, ఇనుప మరలు ఒక్కటి కూడా తిరిగి వాడకూడదని పక్కన పడేశాం.

పెరటి తలుపు గడియ వైపు అంచు ఇంకొక కథ చెప్పింది. ప్రతి వర్షాకాలం తలుపు ఉబ్బి పట్టేస్తుంది. అప్పుడు వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. వేసవిలో అదే తలుపు ముడుచుకుని వేలు దూరేంత సందు వస్తుంది. చిత్రిక పట్టిన అంచుకు వెంటనే రంగు వేయించిన ఇల్లు అరుదు. అలా ప్రతిసారీ తెరుచుకున్న పచ్చి అంచు మరింత తేమ పీల్చి, మరుసటి వానలకు మరింత ఉబ్బుతుంది. చెక్క పొడవునా దాదాపు పెరగదు, వెడల్పునే పెరుగుతుంది. కాబట్టి ఉబ్బుకు మందు చిత్రిక కాదు, అంచులను మూసివేయడం.

ఫిబ్రవరి రెండవ వారం: పాత రంగు

ఈ భాగం గురించి వివరంగా రాయదలచుకున్నాను, ఎందుకంటే మన ఇళ్ళలో అతి తక్కువ జాగ్రత్తతో జరిగే పని ఇదే.

ఇల్లు కట్టింది 1970ల్లో. వీధి తలుపు మీద ఒక మూల, రూపాయి బిళ్ళంత మేర నీటి ఉప్పుకాగితంతో ఏటవాలుగా రుద్ది చూస్తే పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడ్డాయి: పైన కాఫీ రంగు, దాని కింద మరో ముదురు గోధుమ, తరువాత లేత నీలం, తరువాత చిలకాకుపచ్చ, అన్నిటికంటే లోపల గులాబీ రంగు ప్రైమర్. గడప మీద అదే పని చేస్తే పసుపు కింద పసుపు, దాని కింద మళ్ళీ పసుపు. నన్ను ఆలోచనలో పడేసింది ఈ పసుపే. పాతకాలపు ఎనామిల్ రంగుల్లో మెరిసే పసుపు, నారింజ ఛాయల కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు వర్ణకాన్ని విరివిగా వాడేవారు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించరాదన్న నిబంధనలను కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016లో జారీ చేసింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంటే అంతకు ముందు వేసిన పొరలన్నింటినీ సీసం ఉన్నవిగానే భావించి నడుచుకోవాలి. మా చెల్లెలి కూతురు ఇప్పుడే పాకుతోంది. వచ్చిన ప్రతిసారీ గడప పట్టుకుని నిలబడుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. ఎదిగే పిల్లల మెదడుకు సీసం చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. ఈ పని ఇంత పట్టుదలగా పెట్టుకోవడానికి ఆ పాప కూడా ఒక కారణం.

అందుచేత మూడు పద్ధతులను మొదటే పక్కన పెట్టాను. పొడి ఉప్పుకాగితంతో గాని, గ్రైండర్ చక్రంతో గాని రుద్దడం కూడదు. ఆ ధూళి మెత్తగా ఇల్లంతా పరుచుకుంటుంది, పీల్చినా మింగినా ఒంట్లో చేరుతుంది. మంట దీపంతో కాల్చి గీకడం కూడదు. ఆ వేడికి సీసం పొగగా లేస్తుంది. కాస్టిక్ సోడా నీళ్ళతో ఊడగొట్టడం మన పనివాళ్ళకు అలవాటే గాని, అది టేకును నల్లబరుస్తుంది, చెక్కలో మిగిలిన క్షారం కొత్త నూనె రంగును కిందినుంచి సబ్బుగా మార్చి పాడుచేస్తుంది.

మిగిలింది తడిపి తీయడం. పెరట్లో రేకుల షెడ్డు కింద టార్పాలిన్ పరిచి, ఇటుకల మీద గోనెసంచులు మడిచి వేసి, వాటి మీద తలుపును పడుకోబెట్టాం. చేతి స్ప్రేతో నీళ్ళు చల్లుతూ, పదునైన గీకుడు రేకుతో వదులైన రంగును మాత్రమే లేపి, తరువాత నల్లని వాటర్ పేపర్‌ను తడుపుతూ రుద్దాం. గరుకైన 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి, మెత్తని 220తో ముగించాం. ముఖానికి ఎన్95 మాస్కు, చేతులకు తొడుగులు, పని బట్టలు వేరు, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా ఉతకడం. పిల్లలను ఆ పక్కకు రానివ్వలేదు. రుద్దగా వచ్చిన బురదను ఎండనివ్వకుండా పాత గుడ్డలతో ఎత్తి మందపాటి సంచుల్లో కట్టాం. దాన్ని కాల్చకూడదు, మొక్కల మొదట్లో పోయకూడదు. మూతి కట్టి, హానికర చెత్తగా విడిగా అప్పగించాలి.

పాత రంగును మొత్తం తీయాలా అన్నది ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. గట్టిగా పట్టుకుని ఉన్న పొరను ఊడదీయనవసరం లేదన్నది నా అభిప్రాయం. పట్టున్న పాత పొర మంచి పునాది. పైగా దాన్ని కదిలించకుండా కొత్త పూత కింద మూసివేయడమే సీసం విషయంలో కూడా క్షేమం. గోరుతో గీకితే లేచే చోటా, ఉబ్బిన చోటా మాత్రం చెక్క కనిపించే దాకా తీసి, మిగిలిన రంగు అంచును చెయ్యి పెడితే మెట్టు తగలనంతగా ఏటవాలు చేశాం. తలుపు మూసుకునేటప్పుడు ఒరుసుకునే అంచుల దగ్గర, గడప మీద మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. ఒరుసుకునే చోట రంగు రోజూ పొడిగా రాలుతుంది కాబట్టి అక్కడ మొత్తం తీయవలసిందే.

ఫిబ్రవరి మూడవ వారం: ఆరబెట్టడం, అతకడం

వడ్రంగి దగ్గరున్న తేమ మీటరు సూదులు పెరటి తలుపు నడుమ గుచ్చితే 13 శాతం చూపింది, అడుగున 22. చెక్క తేమ 15 శాతం కంటే కిందికి దిగేదాకా రంగు వేయకూడదని అనుకున్నాం గనుక, తలుపును నీడలో, నాలుగు పక్కలా గాలి ఆడేలా ఇటుకల మీద ఎత్తి వదిలేశాం. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని తోస్తుంది; కాని ఒక ముఖం ముందు ఆరి ముడుచుకుని తలుపు వంగిపోతుంది.

మెత్తబడిన చెక్క ఆరినా తిరిగి గట్టిపడదు. లప్పం (గుంతలు నింపే ముద్ద) పెట్టి కప్పితే ఏడాదిలో లప్పంతో సహా ఊడుతుంది. కాబట్టి అడుగున చివికిన మేర కోసివేసి, అదే జాతి పాత వేపచెక్కను జిగురుతో అతికించారు. ఈ అతుకు కోతలో ఒక మెళకువ ఉంది: అతుకు గీతను అడ్డంగా సమంగా కాకుండా, బయటి వైపుకు వాలుగా కోయాలి. అప్పుడు గీతలోకి చేరిన నీరు లోపల నిలవక బయటికి జారుతుంది. ద్వారబంధం కమ్ముల అడుగున కూడా ఒక వైపు ఇదే మరమ్మతు అవసరమైంది.

ఈ ఆరిన రోజుల్లోనే వీధి తలుపు పలకలు చూడదగినవి. గాడుల్లో కూర్చున్న పలకలు ముడుచుకుని, ఇన్నాళ్ళూ చట్టం కింద దాగిన అంచు అర అంగుళంలో సగం మేర బయటికి వచ్చింది. రంగు లేని ఆ టేకు గీత, కొత్తగా కోసిన చెక్కలా తేనె రంగులో ఉంది. వానాకాలంలో రంగు వేయిస్తే ఈ గీత కనపడనే కనపడదు. వేసవి రాగానే నాలుగు వైపులా వట్టి చెక్క చారలు తేలి, రంగు పగిలిందన్న భ్రమ కలుగుతుంది. ఎండాకాలపు అంచున పని పెట్టుకోవడం వల్ల ఆ గీతకు కూడా ప్రైమరు, రంగు అందాయి. గాడి సందుల్లో మాత్రం లప్పం నింపనివ్వలేదు. పలక కదలడానికే గాడి ఉన్నది. సందు నింపి పలకను బిగిస్తే ముడుచుకునే బలానికి పలకే నిలువునా చీలుతుంది.

ఫిబ్రవరి చివర: ప్రైమర్, లప్పం

టేకులో సహజంగా నూనె ఉంటుంది. వట్టి చెక్క బయటపడిన చోట్ల థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే ప్రైమర్ వేయాలి. ఆలస్యమైతే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. వేపలోని ముడులకు స్పిరిట్‌లో కరిగించిన లక్క రెండు పలుచని పూతలు వేశాం, లేకపోతే పడమటి ఎండకు ముడిలోని బంక కరిగి రంగులోంచి గోధుమ మరకలుగా ఉబికి వస్తుంది.

తరువాత అంచులు. తలుపును పక్కకు నిలబెట్టి, పైఅంచుకు, అడుగు అంచుకు ముందుగా బాగా పలుచన చేసిన వుడ్ ప్రైమర్ తాగినంత తాగించాం. మొదటి పూత వేసిన కాసేపటికే కొసలు మొత్తం పీల్చేసుకుని పొడిగా కనిపించాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ తాగాయి. పూత పైన తడిగా నిలిచేదాకా వేసి, మరునాడు చిక్కగా ఇంకొక పూత ఇచ్చాం. పెయింటర్ మేస్త్రీ గారు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవారు. బ్రష్ చేతిలోనే పట్టుకుని, “అడుక్కి రంగు వెయ్యమని ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదండీ. దింపితే రెండు రోజుల కూలి ఎక్కువవుద్దని, నిలబెట్టే కానిచ్చెయ్యమంటారు” అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. పనివాడికి తెలియక కాదు, ఆ రెండు రోజుల కూలి ఇవ్వడానికి మనం సిద్ధపడకపోవడం వల్లనే తలుపులు అడుగు నుంచి పోతున్నాయి.

లప్పం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గోడలకు వాడే పుట్టీ తెల్ల సిమెంటుతో చేసేది. అది కదలదు, చెక్క కదులుతుంది, అందుకే తలుపు మీద పెడితే పగుళ్ళిచ్చి పలకలుగా రాలుతుంది. పైగా సిమెంటు క్షారం నూనె రంగుకు పడదు. కాబట్టి పాత పద్ధతిలో మెత్తని సుద్దపొడిని అవిసెనూనెతోను, కొద్దిపాటి వార్నిష్‌తోను పిసికి, చపాతీ పిండి గట్టితనం వచ్చేదాకా మర్దించి వాడాం. ప్రైమర్ వేయకముందు లప్పం పెట్టకూడదు. వట్టి చెక్క లప్పంలోని నూనెను తాగేస్తే మిగిలేది ఉత్త సుద్దే. మేకు గుంతలు, చిన్న పగుళ్ళు మాత్రమే నింపి, ఆరిన తరువాత 220 కాగితంతో రుద్ది, పైన మరో ప్రైమర్ పూత ఇచ్చాం.

మార్చి: పూతలు

బంధువులు చాలామంది ఇచ్చిన సలహా ఒకటే: టేకు తలుపుకు రంగు కొట్టడమేమిటి, గీకించి పాలిష్ పెట్టించమని. టేకు గీతల అందం నాకూ తెలుసు. అయినా బయటి తలుపుకు పారదర్శకమైన పూత నాకు సమ్మతం కాలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిష్‌ను దాటి చెక్క పైపొరను పొడిపొడిగా చేస్తాయి. అప్పుడు పాలిష్ బాగానే ఉన్నా పట్టుకోవడానికి కింద ఏమీ ఉండదు, అది పొరలుగా లేస్తుంది. రంగులోని వర్ణకం ఆ కిరణాలను చెక్క దాకా రానివ్వదు. పాలిష్ తలుపును ఏడాదికో రెండేళ్ళకో తిరిగి తోమించుకునే ఓపిక ఉన్నవారికి అది సరే. అంతకంటే ముఖ్యం, పాలిష్ కోసం పాత పొరలన్నింటినీ చెక్క దాకా తీయాలి, ఆ సీసపు ధూళి అంతా ఎదుర్కోవాలి.

వీధి తలుపుకు నూనె ఎనామిల్, పెరటి తలుపుకు నీళ్ళతో కలిపే అక్రిలిక్ ఎనామిల్ ఎంచుకున్నాం. నూనె ఎనామిల్ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. ఆ గట్టిపడడం ఏళ్ళ తరబడి ఆగదు కాబట్టి, ఎండలో ఉన్న తలుపు మీద చివరికి పెళుసై పగులుతుంది. వసారా నీడలో, రోజూ వందసార్లు చేతులు తగిలే తలుపుకు దాని నునుపు, గట్టితనం తగినవి. ఎండావానా నేరుగా తగిలే వేపచెక్కకు, దానితోపాటు సాగే అక్రిలిక్ పొర మేలు. ఛాయల విషయంలో కూడా అదే ఆలోచన: పడమటి తలుపు ముదురు రంగైతే మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలి, చెక్క త్వరగా పగులుతుంది, అందుకని లేత బూడిద కలిసిన ఆకుపచ్చ. వీధి తలుపుకు ఇనుప ఆక్సైడ్‌తో చేసిన ఎర్రమట్టి ఛాయ; ఆ వర్ణకం ఎండకు వెలవదు. రెండు డబ్బాల మీదా సీసం 90 పీపీఎంకు లోపు అన్న ముద్ర చూసే కొన్నాం.

పని వేళ పొద్దున్న మంచు పూర్తిగా ఆరిన తరువాత మొదలై మధ్యాహ్నం రెండింటికి ముగిసేది. సాయంత్రం వేస్తే మంచుతోపాటు పురుగులు కూడా తడి రంగు మీద వాలతాయి. మొదలుపెట్టే ముందు షెడ్డు నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణచడం, తలుపును శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వడం ప్రతి పూతకూ చేశాం. ఎనామిల్‌ను మినరల్ టర్పెంటైన్‌తోనే, అదీ బ్రష్ సాఫీగా జారేంత మాత్రమే పలుచన చేశాం. త్వరగా ఆరుతుందని వేరే థిన్నరు కలిపితే కింది పొర ముడతలు పడి లేస్తుంది.

వేసే వరుస కూడా ముఖ్యమే. ముందు పలకలు, పలకల చుట్టూ ఉన్న చెక్కడపు అంచులు, తరువాత అడ్డ చట్టాలు, చివరికి నిలువు చట్టాలు. చెక్కడపు మూలల్లో రంగు నిలిచి కారుతుంది కనుక అక్కడ ఒకటిన్నర అంగుళాల బ్రష్‌ను దాదాపు పొడిగా నడపాలి. మిగతా చోట రెండున్నర అంగుళాలది. ప్రతి భాగంలో చివరి గీత చెక్క నారతో పాటే, బ్రష్ బరువు మాత్రమే ఆనేలా ఒక్క లాగుడులో రావాలి. మేస్త్రీ గారి చేతిలో ఆ చివరి లాగుడు చూడాలి. బ్రష్ తలుపు మీద దిగేటప్పుడూ, లేచేటప్పుడూ ఆగదు; గాలిలోంచి వచ్చి తాకి గాలిలోకే పోతుంది, అందువల్ల ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ముగించారో మచ్చ కనపడదు.

ఒక పూతకూ మరో పూతకూ మధ్య ఒక రాత్రి పూర్తిగా వదిలి, 320 వాటర్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా తేలికగా రుద్దాం. ఎనామిల్ రెండు పూతలు, అక్రిలిక్ మూడు. అడుగు అంచులకు మాత్రం ప్రతిసారీ తలుపు ముఖాల కంటే ఒక పూత ఎక్కువే పడింది.

గడప

గడపను వేరుగా చూడవలసి వచ్చింది, ఎందుకంటే దాని మీద పడే వాడుక వేరు. అమ్మ దాన్ని రోజూ కడుగుతుంది, శుక్రవారాలు, పండుగలు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. పసుపులో సహజమైన నూనె ఉంటుంది. ఏళ్ళ తరబడి చెక్కలో దిగిన పసుపు మీద ప్రైమర్ పట్టదు. అది పోయిందో లేదో కంటితో తెలియదు. దానికి ఒక పరీక్ష పెట్టుకున్నాం: చాకలి సోడా కలిపిన నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి గడప తుడిస్తే, పసుపు మిగిలి ఉన్న చోట గుడ్డ ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. సున్నం కలిస్తే పసుపు పారాణి అయ్యే గుణమే ఇది. పాత పసుపు రంగు పొరలను తడిపి పూర్తిగా గీకేసిన తరువాత కూడా మొదటిసారి గుడ్డ ఎర్రబడింది. గుడ్డ తెల్లగా మిగిలేదాకా మార్చి మార్చి కడిగి, చివర మామూలు నీళ్ళతో సోడా పోయేదాకా తుడిచాం.

తరువాత దానికి రంగు వేయలేదు. తొక్కుడు, కడుగుడు నిత్యం ఉండే చోట ఏ ఎనామిల్ అయినా అరుగుతుంది, అరిగిన పొడి పాప చేతులకు అంటుతుంది. పైగా పసుపు రంగు వేసిన గడప మీద అసలు పసుపు నిలవక జారిపోతోందని అమ్మ ఎప్పటినుంచో అంటోంది. మరగించిన అవిసెనూనెను గుడ్డతో పలుచగా పట్టించి, కాసేపాగి మిగులును తుడిచేసి, రెండు రోజుల తరువాత మళ్ళీ అలాగే చేశాం. ఆరిన టేకు మీద పసుపు చక్కగా పట్టింది. పొర అంటూ లేదు కాబట్టి గీకే పని ఇక రాదు, ఏడాదికొకసారి నూనె తుడిస్తే చాలు. ఆ నూనె గుడ్డల విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్త కావాలి. అవిసెనూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డ తనంతట తాను అంటుకోగలదు. వాడిన గుడ్డలను విప్పి, తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేసి, బిరుసెక్కిన తరువాతే పారేయాలి.

మార్చి చివర: బిగింపు

పూత తాకితే అంటకపోవడం వేరు, లోపల గట్టిపడడం వేరు. ఎనామిల్‌కు ఆఖరి పూత తరువాత వారం గడువిచ్చి బిగించాం. తొందరపడితే తలుపు అంచు, ద్వారబంధం అంటుకుని, తెరిచినప్పుడు రంగు పెచ్చుగా లేస్తుంది. వీధి తలుపుకు పాత ఇత్తడి మడతబందులనే చింతపండుతో తోమి వాడాం. పెరటి తలుపుకు స్టెయిన్‌లెస్ స్టీలువి, సముద్రపు ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం, మరలు కూడా అదే లోహం. ప్రతి మర రంధ్రంలోనూ బిగించే ముందు ఒక చుక్క ప్రైమర్ వేశాం, ఎందుకంటే మర గుంత కూడా నీరు దిగే దారే. గచ్చుకూ తలుపు అడుగుకూ మధ్య సందును పూర్వం కంటే కొంచెం పెంచి, కడిగిన నీళ్ళు అంచును తాకకుండా జారిపోయేలా చూసుకున్నాం.

ఆగస్టు: వానల్లో తనిఖీ

జూన్ చివరి నుంచి వానలు గట్టిగానే పడ్డాయి. పెరటి తలుపు ఈ ఏడు చిత్రిక అడగలేదు. గడియ వైపు సందులో మార్చిలో సులువుగా దూరిన అట్టముక్క ఇప్పుడు బిగువుగా దూరుతోంది, అంటే చెక్క కొంత పెరిగింది గాని పట్టేసేంతగా పెరగలేదు. అద్దం పెట్టి అడుగు అంచు చూశాను. పొర నిండుగా ఉంది. కొత్తగా అతికిన వేపముక్క గీత వెంబడి ఒకచోట వెంట్రుకంత పగులు కనిపించింది. నాలుగు రోజులు వాన తెరిపి ఇచ్చినప్పుడు ఆ గీతను ఆరనిచ్చి, అక్రిలిక్ రంగును సన్నని బ్రష్‌తో రెండుసార్లు తాగించాం.

వీధి తలుపుకు అసలు పరీక్ష అక్టోబరు, నవంబరుల్లో తూర్పు జల్లుతో వస్తుంది. దానికి ముందే, వసారా అంచు దాటి వాన పడే కింది అడ్డ చట్టానికి మరొక ఎనామిల్ పూత వేయించాలని మేస్త్రీ గారితో మాట్లాడాను. దసరా వెళ్ళిన ఆదివారం వస్తామన్నారు. మిగిలిన రెండు రంగులూ చిన్న సీసాల్లోకి వంపి, మూతలు బిగించి, ఛాయ నంబరు, కొన్న నెల రాసిన చీటీ అంటించి అటక మీద పెట్టి ఉంచాను.